వైఫై తెగేది ఎక్కడ?

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో చాపాడు ఉంటుంది. ఒక పక్క కుందూ నది, చుట్టూ కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పండే వరిమళ్లు. ఇలాంటి ఊళ్లో ఇంట్లో కూర్చుని బెంగుళూరు కంపెనీకి పని చేసే అమ్మాయి వీడియో మీటింగ్ మధ్యలో ఉన్నట్టుండి మాయమైతే అవతలివాళ్లు అనే మాట ఒకటే: "పల్లెటూరు కదా, నెట్ అంతేలే." రెండు మూడు సార్లు అలా జరిగాక ఆ అమ్మాయి కూడా ఆ మాటే నమ్ముతుంది. మళ్లీ సిటీలో హాస్టల్ వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ఇంటర్వ్యూ మధ్యలో నెట్ తెగిన కుర్రాడిదీ, ఆన్‌లైన్ పరీక్ష సగంలో ఆగిపోయిన విద్యార్థిదీ అదే దిగులు.

ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఇంటి వైఫైని వదిలేస్తుంటే నేరం ఊరి మీద వేయడానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. గోడ కావచ్చు, బీరువా కావచ్చు, స్క్రీన్ కీలు కావచ్చు, కరెంటు పోయిన క్షణంలో ల్యాప్‌టాప్ తనంతట తాను మార్చుకున్న పద్ధతి కావచ్చు. రేడియో తరంగాల లెక్కన చూస్తే పల్లె గాలి పట్నం గాలి కన్నా వైఫైకి అనుకూలం. అదెలాగో కూడా చెబుతాను.

ఇంటర్నెట్ తీగ ఇప్పుడు పల్లెకు కొత్త కాదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఊళ్లకు చేర్చడం ఆ పథకం పద్ధతి. ప్రైవేటు కంపెనీలు, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లు కూడా అదే దారి పట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు సొంతూళ్లకు చేరాక ఆ తీగకు నిజమైన పని పడింది. గాజు పోగులో వెలుగు రూపంలో అన్ని మైళ్లు నడిచి గడప దాకా వచ్చిన సమాచారం, ఆ తర్వాత హాల్లోంచి పడకగదికి గాలిలో పోవాలి. ఎక్కువగా తడబడేది ఆ నాలుగడుగుల దూరంలోనే.

తెగేది ఎక్కడో తేల్చుకోకుండా చేసే ఏ మరమ్మతైనా గుడ్డిదే. మడికి నీళ్లు రాలేదని రైతు నేరుగా కేసీ కాలువ మొదలయ్యే చోటికి, తుంగభద్ర మీదున్న సుంకేసులకు పరుగెత్తడు. ముందు తన మడి గట్టు చూస్తాడు, తర్వాత పిల్లకాలువ తూము చూస్తాడు, అక్కడా నీళ్లు లేకపోతేనే పెద్దకాలువ సంగతి అడుగుతాడు. ఇంటి నెట్‌కూ అదే వరస. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఒక భాగం, రౌటర్ నుంచి బయటి ప్రపంచం దాకా ఇంకో భాగం. ఈ రెండింటిలో ఏది తెగిందో కనిపెట్టడానికి ఏ కొత్త పరికరమూ కొనక్కర్లేదు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలు తెరవండి. మొదటిదానిలో పింగ్ అనే ఆదేశానికి మీ రౌటర్ చిరునామా ఇవ్వండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. రెండోదానిలో అదే ఆదేశానికి గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8 ఇవ్వండి. చివర మైనస్ గుర్తు, దాని పక్కన టి అక్షరం చేరిస్తే మనం ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు మీ పని మీరు చేసుకోండి. నెట్ తెగిన క్షణంలో రెండు కిటికీలనూ చూడండి. రౌటర్ నుంచి జవాబులు మామూలుగా వస్తూ బయటి చిరునామా మాత్రమే ఆగిపోతే మీ వైఫైలో లోపం లేదు. ఫైబర్‌లోనో కంపెనీ దగ్గరో ఉంది. రెండూ ఒకేసారి ఆగితే తేడా ఇంట్లోనే ఉంది. ఏమీ ఆగకుండా, రౌటర్ జవాబు మాత్రం మామూలుగా పట్టే నాలుగైదు మిల్లీసెకన్లు వదిలి వందల్లోకి పోతుంటే సంబంధం తెగలేదుగానీ గాలిలో ఒత్తిడి పడుతోందని అర్థం.

ఈ పరీక్ష చేయకముందే చాలామంది చేసేది ఆపరేటర్‌కు ఫోన్. "అన్నా, నెట్టు పాయె." "రౌటర్ ఒకసారి ఆపి ఎయ్యి పాపా, వస్తాది." నిజంగానే వస్తుంది. ఆపి వేస్తే రౌటర్ జ్ఞాపకంలో పేరుకున్న చిక్కులు తుడిచిపెట్టుకుపోతాయి, కొన్ని రౌటర్లు కొత్త చానెల్ కూడా ఎంచుకుంటాయి. కానీ తెగింది ఎందుకో చెప్పే ఆనవాళ్లు కూడా దాంతోపాటే పోతాయి. అందుకే రోజుకు పదిసార్లు ఆపి వేసినా జబ్బు ఏదో తెలియదు. ఆపే ముందు కనీసం ఒక పని చేయాలి. రౌటర్ ముందు నిలబడి లైట్లు చూడాలి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లోంచి వెలుగు రావడం లేదని అర్థం. వరిగడ్డి ఎత్తుగా వేసుకుని పోయే ట్రాక్టర్ కిందికి వేలాడే తీగను లాగేసి ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు. ఆ రోజు ల్యాప్‌టాప్‌ను ఎంత సరిచేసినా లాభం ఉండదు.

ఇంకో సాక్ష్యం మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. "ఫోన్‌లో బాగానే వస్తోంది, ల్యాప్‌టాప్‌లోనే పోతోంది" అంటారు. ఇప్పటి ఫోన్లు వైఫై నీరసపడగానే చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. యూట్యూబ్ ఆగదు, కాబట్టి వైఫై బాగుందనుకుంటాం. ఫోన్‌లో మొబైల్ డేటా పూర్తిగా ఆపేసి, ల్యాప్‌టాప్ ఉన్న బల్ల మీదే ఫోన్ పెట్టి, అప్పుడు చూడాలి. ఫోన్ కూడా తడబడితే గోడనో రౌటర్‌నో అనుమానించాలి. ఫోన్ నిలకడగా ఉండి ల్యాప్‌టాప్ ఒక్కటే పడిపోతుంటే ల్యాప్‌టాప్ లోపల వెతకాలి. ఈ ఒక్క పరీక్షతోనే సగం దారులు మూసుకుపోతాయి.

ఇప్పుడు గాలి సంగతి. ఇంట్లో రౌటర్ పంపే శక్తి సుమారు 100 మిల్లీవాట్లు. ల్యాప్‌టాప్ దాకా చేరేటప్పటికి అందులో మిగిలేదెంతో తెలిస్తే ఇది అసలు పనిచేయడమే ఆశ్చర్యం అనిపిస్తుంది. సంకేతం బలాన్ని ఇంజినీర్లు డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో చెబుతారు. రౌటర్ పక్కనే ఉంటే మైనస్ 30 దగ్గర ఉంటుంది. వీడియో కాల్ నిలకడగా నడవాలంటే మైనస్ 67 కంటే దిగజారకూడదని వాడుకలో ఉన్న లెక్క. మైనస్ 80 దగ్గర సంబంధం తెగడం, అతకడం మొదలవుతుంది. ఈ కొలతలో ఒక్కో మెట్టు ఒక డెసిబెల్. ప్రతి 10 మెట్లు దిగితే శక్తి పదో వంతు అవుతుంది, 3 మెట్లు దిగితే సగమవుతుంది. మైనస్ 70 అంటే రౌటర్ పంపినదాంట్లో నూరు కోట్లలో ఒక వంతు మాత్రమే ల్యాప్‌టాప్‌కు అందుతోందన్నమాట. అంత చిన్న శక్తిలోంచి మీటింగ్‌లో మనిషి ముఖం, మాట రెండూ తీయగలగడం ఈ కాలపు ఇంజినీరింగ్‌లో నాకు ఎప్పటికీ పాతబడని అద్భుతం.

అంత తక్కువ శక్తితో నడిచేదానికి ఒక్క గోడ కూడా పెద్ద అడ్డే. ఇటుక గోడ కొన్ని డెసిబెల్స్ తింటుంది, ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు పది, పదిహేను, ఇంకా ఎక్కువ కూడా తినగలదు. మన ప్రాంతంలో పాత ఇళ్ల సంగతి వేరు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ నాపరాయి దండిగా దొరుకుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అనే పేరు పెట్టిన రాతి పొర ఈ వైపుదే. కడప బండ అని దేశమంతా తెలిసిన రాయి ఈ జిల్లాదే. రాళ్లు పేర్చి మట్టితో కట్టిన అడుగున్నర, రెండడుగుల మందం గోడలు, పైన బండలు పరిచి చౌడు మట్టి పోసిన మిద్దెలు ఎండాకాలంలో చల్లగా ఉండటానికి కట్టినవి. అదే మందం వైఫైకి అడ్డం. పొడి సున్నపురాయి తరంగాన్ని మరీ ఎక్కువ మింగదుగానీ, మందం పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. గోడలోని మట్టి వానకు తడిస్తే ఇంకా పెరుగుతుంది. నీళ్లు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటాయి. వానాకాలంలో లోపలి గదిలో నెట్ మందగించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

లోహం కథ వేరు. అది మింగదు, తిప్పికొడుతుంది. ఇనుప బీరువా వెనకున్న గదికి నీడ పడినట్టే. రౌటర్‌ను టీవీ వెనక్కి తోసేయడం, గోడ అల్మరాలో స్టీలు సామాను మధ్య దాచడం, నేల మీద పెట్టడం మన ఇళ్లలో మామూలు. తీగలు కనిపించకూడదనే తాపత్రయం అది. హాలు, పడకగదుల మధ్య తలుపు వైపు, మనిషి భుజం కన్నా ఎత్తులో, గోడకు మేకు కొట్టి తగిలిస్తే చాలా ఇళ్లలో సగం బాధ తీరుతుంది. తరంగం రాతిగోడను దాటడం కన్నా తలుపు సందులోంచి తొంగి పోవడం తేలిక.

తిరిగి వచ్చే తరంగాలు ఇంకో చిక్కు తెస్తాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. రౌటర్ నుంచి నేరుగా వచ్చిన తరంగమూ, బీరువానో గోడనో తాకి తిరిగొచ్చిన తరంగమూ ల్యాప్‌టాప్ దగ్గర కలుస్తాయి. ఒకదాని శిఖరం మీద ఇంకొకదాని పల్లం పడితే రెండూ చెరిగిపోతాయి. అలాంటి చచ్చు చోట్లు గదిలో సగం తరంగం దూరంలో, అంటే ఆరేడు సెంటీమీటర్లకొకటి ఏర్పడవచ్చు. ల్యాప్‌టాప్‌ను జానెడు పక్కకు జరిపితే నెట్ బాగుపడటం భ్రమ కాదు, కొలవగల నిజం. ఈ ప్రతిధ్వనుల గందరగోళమే ఇంట్లో వేగమైన వైర్‌లెస్‌కు మొదట్లో పెద్ద ఆటంకం. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ సంస్థలో జాన్ ఓ'సల్లివన్, ఆయన సహచరులు దానికొక మార్గం కనిపెట్టి 1992లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. ఓ'సల్లివన్ రేడియో ఖగోళ శాస్త్రవేత్త. పేలిపోయే చిన్న కృష్ణబిలాల నుంచి వచ్చే సంకేతాలను వెతికే పనిలో, అంతరిక్షంలో చెదిరిన తరంగాన్ని తిరిగి కూర్చే గణితం ఆయనకు పట్టుబడింది. కృష్ణబిలాలు దొరకలేదు. ఆ గణితం మాత్రం ఒకే సమాచారాన్ని చాలా సన్నని పాయలుగా విడదీసి పంపే పద్ధతిలో మన ఇళ్లకు పనికొచ్చింది. ఒక పాయ చచ్చు చోటులో పడినా మిగతావి చేరతాయి.

ఇప్పటి రౌటర్లు 2.4తోపాటు 5 గిగాహెర్ట్జ్‌లోనూ మాట్లాడతాయి. భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవడానికి వదిలింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ దగ్గర మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర అలాగే వదిలింది. 5 వేగంగా ఉంటుంది, కానీ అదే దూరానికి దాని బలం 2.4తో పోలిస్తే సుమారు 7 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది, రాతిగోడ దగ్గర ఇంకా తొందరగా చతికిలబడుతుంది. రౌటర్‌లో రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే ల్యాప్‌టాప్ ఏది మంచిదో తేల్చుకోలేక ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని పట్టుకుంటూ ఉంటుంది. ఆ మారే క్షణంలోనే మీటింగ్ తెగుతుంది. హాలుకూ పడకగదికీ మధ్య మందపాటి గోడ ఉన్న ఇంట్లో ఇది తరచుగా జరిగేదే. రౌటర్ సెట్టింగుల్లోకి పోయి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, గోడ అవతల పనిచేసే ల్యాప్‌టాప్‌ను 2.4కే కట్టేయడం నేను మొదట చెప్పే సలహా. వేగం కొంత తగ్గుతుంది. వీడియో మీటింగ్‌కు కావలసింది సెకనుకు రెండు మూడు మెగాబిట్లే, దానికి నిలకడ ముఖ్యం.

2.4లో రద్దీ ఉంటుందని అందరూ భయపెడతారు. పట్నంలో అది నిజం. అందరూ ఒకే గాలిలో మాట్లాడాలి కాబట్టి ప్రతి పరికరమూ ముందు వింటుంది, ఖాళీ దొరికితేనే మాట్లాడుతుంది, ఢీకొంటే కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఢీకొన్నప్పుడు ఇంతసేపని లేకుండా అటూ ఇటూగా ఆగడమనే ఉపాయానికి మూలం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్. 2.4 పట్టీలో మన దేశంలో 13 చానెళ్లున్నా అవి ఒకదాని మీద ఒకటి పడతాయి. తగువు లేకుండా పక్కపక్కన నడవగలిగేవి 1, 6, 11 మూడే. హైదరాబాద్ అపార్టుమెంటులో ఫోన్ తెరిచి చూడండి, పాతిక ముప్పై వైఫై పేర్లు కనిపిస్తాయి. అవన్నీ ఆ మూడు చానెళ్లలోనే ఇరుక్కోవాలి. చాపాడు లాంటి ఊళ్లో ఇళ్ల మధ్య వాకిళ్లు, దొడ్లు, ఖాళీ జాగాలు ఉంటాయి. ఇరుగుపొరుగు రౌటర్లు నాలుగో ఐదో కనిపిస్తే ఎక్కువ. సిటీలో కోట్లు పెట్టి కొన్న ఫ్లాట్‌కు దొరకని నిశ్శబ్దం పల్లె గాలిలో ఊరికే దొరుకుతోంది. ఫోన్‌లో ఒక ఉచిత వైఫై పరీక్ష యాప్‌తో చూసి, ఆ మూడింటిలో ఎవరూ లేని చానెల్‌ను రౌటర్‌లో ఎంచుకుంటే ఆ మేలు పూర్తిగా మనది.

బయట రద్దీ లేకపోయినా బల్ల మీదే రద్దీ ఉండవచ్చు. బ్లూటూత్ కూడా 2.4లోనే పనిచేస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి, కాలం పంచుకుంటాయి. చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని మీటింగ్‌లో కూర్చున్నప్పుడే నెట్ తడబడుతుంటే, ఒకరోజు తీగ ఉన్న ఇయర్‌ఫోన్స్‌తో పనిచేసి చూడండి. ఇంకా తక్కువమందికి తెలిసినది యూఎస్‌బీ 3 సంగతి. హార్డ్‌డిస్క్‌నో యూఎస్‌బీ హబ్‌నో ఆ పోర్టుకు తగిలిస్తే, దాని సంకేతాల నుంచి 2.4 పరిధిలో సడి పుడుతుందని ఇంటెల్ కంపెనీ 2012లోనే ఒక పత్రంలో చూపించింది. పాత సినిమాల హార్డ్‌డిస్క్ తగిలించగానే వైఫై పడిపోతోందంటే అది మూఢనమ్మకం కాదు. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్న ఇంట్లో అదీ ఇదే పట్టీలో వేడిచేస్తుంది. ఇండక్షన్ పొయ్యి మాత్రం నిర్దోషి. అది పనిచేసేది కిలోహెర్ట్జ్‌లలో, వైఫైకి వేల రెట్లు కింద.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే చిక్కు ఒకటుంది. అది పల్లెలో ఎక్కువగా ఎదురవుతుంది. కరెంటు పోతుంది. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, దాని లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ నిండుగా ఉంది. అయినా కరెంటు పోయిన కాసేపటికి వైఫై తెగుతుంది. కరెంటు రాగానే బాగుపడుతుంది. ఇంట్లోవాళ్లు ఇన్వర్టర్‌ను తిడతారు, ఆపరేటర్‌ను తిడతారు. తప్పు ఇద్దరిదీ కాకపోవచ్చు.

చార్జర్ నుంచి బ్యాటరీకి మారగానే ల్యాప్‌టాప్ పొదుపు మొదలుపెడుతుంది. వైఫై చిప్‌కు కూడా కునుకు తీయమని చెబుతుంది. ఆ కునుకు ఒక ఒప్పందం ప్రకారం జరగాలి. "నేను కాసేపు నిద్రపోతున్నా, నాకు వచ్చినవి దాచిపెట్టు" అని ల్యాప్‌టాప్ రౌటర్‌కు సంకేతం ఇస్తుంది. రౌటర్ సెకనుకు సుమారు పదిసార్లు బీకన్ అనే చిన్న ప్రకటన పంపుతుంది. ఆ ప్రకటనల్లో ఎవరెవరికి సమాచారం దాచి ఉందో చెబుతుంది. ల్యాప్‌టాప్ సరిగ్గా ఆ క్షణానికి లేచి వినాలి. రెండు గడియారాలు కలవకపోయినా, సంకేతం అప్పటికే బలహీనంగా ఉన్నా, చిప్‌ను నడిపే డ్రైవర్ పాతదైనా వరసగా కొన్ని ప్రకటనలు తప్పిపోతాయి. అప్పుడు ల్యాప్‌టాప్ రౌటర్ లేదనుకుని సంబంధం తెంచుకుంటుంది. రౌటర్ ఉన్నచోటే ఉంది, నెట్ ఉంది, మధ్యలో పొదుపు ఒక్కటే అడ్డం.

దీన్ని పట్టుకోవడం తేలిక. కరెంటు ఉన్నప్పుడే చార్జర్ పీకి అరగంట పనిచేయండి. వైఫై తెగితే దొంగ దొరికినట్టే. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ అని ఒక వరస చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. దానిలో బ్యాటరీ మీద ఒకటి, చార్జర్ మీద ఒకటి అని రెండు అమరికలుంటాయి. రెండింటినీ మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌కు మార్చాలి. తర్వాత డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ వైఫై కార్డు పేరు తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ అనే పుట ఉంటే, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే గడిలో టిక్ తీసేయాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆ పుట కనిపించదు, అప్పుడు మొదటి అమరికే దిక్కు. బ్యాటరీ కొంచెం తొందరగా అయిపోతుంది. మీటింగ్ మధ్యలో తెగడం కన్నా అది నయం.

ఇన్వర్టర్ నిజంగా కారణమైన సందర్భాలూ ఉన్నాయి. కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే రెప్పపాటులో కొన్ని రౌటర్లు ఆరి మళ్లీ వెలుగుతాయి. తిరిగి పూర్తిగా లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కరెంటు పోయిన క్షణంలో రౌటర్ లైట్లన్నీ ఒకసారి ఆరాయా లేదా అన్నదే ఈ రెండు కారణాలనూ వేరుచేసే గుర్తు. ఆరితే రౌటర్ కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ సరిపోతుంది. వోల్టేజీ తరచూ పడిపోయే ఇంట్లో రౌటర్ అడాప్టర్ కూడా క్రమంగా నీరసపడుతుంది. రౌటర్ తనంతట తాను ఆరి వెలుగుతుంటే రౌటర్‌ను మార్చే ముందు అదే రకం, అదే వోల్టేజీ అడాప్టర్‌ను మార్చి చూడాలి.

తెగడం గడియారం కొట్టినట్టు జరిగితే అది గాలి తప్పు కాదు. గోడకూ బీరువాకూ టైము తెలియదు. సరిగ్గా గంటకోసారి పోతుంటే రౌటర్ రహస్య తాళాన్ని మార్చే సమయాన్ని అనుమానించాలి. చాలా రౌటర్లలో అది 3600 సెకన్లకు పెట్టి ఉంటుంది. మార్పు కబురుకు డ్రైవర్ సకాలంలో జవాబివ్వకపోతే రౌటర్ బయటికి గెంటేస్తుంది. ఇంకో గడియారం ఇంటి చిరునామాది. రౌటర్ ప్రతి పరికరానికీ ఒక అంకెల చిరునామాను కొంత గడువుకు ఇస్తుంది. సగం గడువు గడవగానే పరికరం పొడిగింపు అడగాలి. అడిగినా దొరకకపోతే, గడువు తీరాక ల్యాప్‌టాప్ తనకు తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుంటుంది. ఆ అంకె కనిపించిందంటే వైఫై గీతలు నిండుగా ఉన్నా రౌటర్‌తో మాట కుదరలేదన్నమాట.

మన ఇళ్లలో దీనికి తరచుగా ఒకే కారణం. ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి ఉంటుంది, సిగ్నల్ చాలడం లేదని ప్రొద్దుటూరు దుకాణంలో కొన్న రౌటర్ ఇంకొకటి ఉంటుంది. రెండూ చిరునామాలు పంచడానికి సిద్ధంగా ఉంటాయి, రెండింటి సొంత చిరునామా కూడా ఒక్కోసారి ఒకటే. ఇంట్లో ఒకరే చిరునామాలు పంచాలి. కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ అనే పద్ధతిలో పెడితే ఆ తగువు తీరుతుంది.

ఇవేవీ కాకపోతే ల్యాప్‌టాప్‌నే సాక్ష్యం అడగాలి. విండోస్ గత మూడు రోజుల వైఫై చరిత్రను ఒక నివేదికగా ఇస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో, డబ్ల్యూలాన్‌రిపోర్ట్ అనే నాలుగు మాటలు ఇంగ్లీషులో వరసగా కొడితే ఆ పుట తయారవుతుంది. ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ప్రతిసారీ కారణం ఏమని నమోదైంది అన్నీ అందులో ఉంటాయి. రౌటరే పంపేసిందా, డ్రైవర్ పడిపోయిందా, మనిషే ఆపాడా తెలుస్తుంది. విండోస్ అప్‌డేట్ తర్వాతే బాధ మొదలైందని తేదీలు చెబితే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ అనే బటన్‌తో పాత డ్రైవర్‌కు తిరిగి పోవచ్చు. పాత ల్యాప్‌టాప్ అయితే, తయారు చేసిన కంపెనీ సైటులో ఆ మోడల్ పేరుతో వెతికి డ్రైవర్ తెచ్చుకోవడం మేలు.

చివరగా చూడాల్సినది కీలు. ల్యాప్‌టాప్ వైఫై యాంటెన్నాలు చాలా మోడళ్లలో స్క్రీన్ చట్రంలో ఉంటాయి. వాటి నుంచి సన్నటి తీగలు కీలు సందులోంచి కిందికి, వైఫై కార్డు దాకా వస్తాయి. మూత ఏళ్ల తరబడి తెరిచీ మూసీ కీలు వదులైతే ఆ తీగ నలుగుతుంది. స్క్రీన్ ఒక కోణంలో ఉన్నప్పుడు బాగుండి, వెనక్కి వంచగానే సంకేతం కూలిపోతే ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు. రిపేరు షాపులో యాంటెన్నా తీగ మార్పించాలి. లేదంటే వేలెడంత యూఎస్‌బీ వైఫై అడాప్టర్ తగిలిస్తే పని నడుస్తుంది, దాన్ని మాత్రం యూఎస్‌బీ 2 పోర్టుకే పెట్టడం మంచిది.

రౌటర్ జవాబిస్తుండగా బయటి చిరునామా మాత్రమే ఆగిపోతోందని పింగ్ చూపిస్తే, అప్పుడు ఆపరేటర్‌ను గట్టిగా అడిగే హక్కు మీకుంది. "నెట్ పోతోంది" అనకుండా, ఏ రోజు ఎన్ని గంటలకు పోయింది, అప్పుడు రౌటర్ లైట్లు ఎలా ఉన్నాయి, పింగ్ ఏం చూపించింది చెప్పండి. ఆ పింగ్ కిటికీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. లైను చూడటానికి వచ్చే మనిషికి కూడా అది మేలు, ఎక్కడ వెతకాలో ముందే కొంత అంచనా వేసుకుని వస్తాడు.

ఉద్యోగమే నెట్ మీద ఆధారపడినవాళ్లకు ఇంకో మాట. రెండడుగుల రాతిగోడతో రేడియోను పోట్లాడించడం కన్నా ఆ గోడకు ఒక చిన్న రంధ్రం వేయించి నెట్‌వర్క్ కేబుల్ లాగించడం మేలు. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది. ఇంట్లో దానికి పదిహేను మీటర్లు మించి అక్కర్లేదు. ఒక కొస రౌటర్‌కు, ఇంకో కొస పడకగదిలోని బల్లకు. ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ నుంచి మార్చే చిన్న అడాప్టర్ వస్తుంది. అది బయటి గోడ అయితే రంధ్రాన్ని వాలుగా, బయటివైపు కిందికి ఉండేలా వేయించండి, వాన నీళ్లు లోపలికి రావు.